నీరు ఆగే చోటు

తెల్లవారడానికి ఇంకా అరగంట ఉండగానే ముసలి ఎవరిస్తో లేచాడు. సోఫా మీది దుప్పటి మడతపెట్టి, చెప్పులు చేత్తో పట్టుకుని, వంటింటి తలుపు చప్పుడు కాకుండా తీసి పెరట్లోకి వచ్చాడు. జూన్ నెల. రాత్రంతా గడిచినా గచ్చు చల్లారలేదు, అరికాళ్ళకు వెచ్చగా తగిలింది. గోడ మూలన మోకాళ్ళ మీద కూర్చుని చిన్న వాల్వును తిప్పాడు. నేల లోపల గొట్టం ఒకసారి దగ్గినట్టు శబ్దం చేసి, తర్వాత సన్నగా ఈల వేయడం మొదలుపెట్టింది. స్విమ్మింగ్ పూల్‌లోకి నీళ్ళు ఎక్కుతున్నాయి.

ముప్పావు గంట తర్వాత వాల్వు కట్టేసి, పూల్ అంచున కుర్చీ వేసుకుని, అప్పుడే వచ్చినవాడిలా కూర్చున్నాడు. డెబ్భై ఒక్క ఏళ్ళ మనిషి. అందులో నలభై ఏళ్ళు పూల్స్‌లో లీకులు వెతకడమే పని. నీళ్ళు తగ్గుతుంటే ఇంటివాళ్ళంతా మొదట ఒకటే మాట అంటారు, ఎండకు ఆవిరైపోతున్నాయని. నింద ఎండ మీద వేస్తే ఎవరికీ నొప్పి ఉండదు. అందులో ఎండ వాటా ఎంతో, చిల్లు వాటా ఎంతో తేల్చి చెప్పేవాడు ఒకడు కావాలి. ఎవరిస్తో కిహాదా ఆ పని చేసి బతికాడు.

"ఇవాళ ఎంత దిగింది, అపా?"

కూతురు నొయేమీ రెండు కప్పుల కాఫీతో వచ్చి పక్కన కూర్చుంది. నలభై రెండేళ్ళు. నిద్రమొహం మీద దిండు మడతల గీతలు ఇంకా పోలేదు.

"ఒక వేలి మందం."

"నిన్న రెండన్నారు. మొన్న అసలు దిగలేదన్నారు. లీకుకి కూడా మూడ్ ఉంటుందా ఏంటి?"

"ఉంటుంది మిహా," అన్నాడు, చిన్నప్పటిలా ముద్దుగా పిలుస్తూ. "ఇది పొగరుబోతు రకం. మనం చూస్తుంటే కారదు."

"అయితే దోరా అత్తకి రివర్స్. ఆవిడ ఎవరైనా చూస్తుంటేనే కన్నీళ్ళు కారుస్తుంది."

ఎవరిస్తో నవ్వాడు. ఆ నవ్వుకు గొంతులో కాఫీ అడ్డం పడింది. నొయేమీ వీపు మీద తట్టింది. ఆ అరచేయి అక్కడ అవసరమైనదానికంటే రెండు క్షణాలు ఎక్కువసేపు ఉందని అతనికి తెలిసింది. తర్వాత రోజంతా ఆ రెండు క్షణాలనే తలుచుకుంటాడని కూడా తెలుసు.

పూల్ మెట్టు మీద నీళ్ళు నింపిన బకెట్ ఉంది. బకెట్లో నీరు ఎండకు మాత్రమే తగ్గుతుంది, పూల్‌లో ఎండకూ చిల్లుకూ తగ్గుతుంది. రెండూ ఒక్క మట్టానికి దిగితే లీకు లేనట్టు. నొయేమీ వంగి బకెట్ లోపలి పెన్సిల్ గీత చూసి, బయటి గీత చూసి, ఏమీ అనకుండా లేచింది.

అల్లుడు వెస్లీ బూట్ల తాళ్ళు కట్టుకుంటూ గుమ్మంలోకి వచ్చాడు. ఏసీలు బాగుచేస్తాడు. ఈ నెలల్లో అతని బతుకంతా ఊరి ఇళ్ళ పైకప్పుల మీదే.

"ఏం పెద్దాయనా, దొంగ దొరికాడా?"

"దగ్గర్లోనే ఉన్నాడు."

"పంతొమ్మిది రోజుల్నుంచీ దగ్గర్లోనే ఉన్నాడు మరి. పక్కింటావిడ నిన్న మళ్ళీ పిలిచింది. గోడ తడి వాళ్ళ వైపుకి కూడా వచ్చిందట. నెలాఖరు దాకా చూస్తా, తర్వాత మట్టి పోయించేస్తా. పీడా పోతుంది."

"పోయించు. నిన్ను కూడా అందులోనే పాతేసి పైన నిమ్మచెట్టు వేస్తా," అంది నొయేమీ.

"పుల్లగా కాస్తాయి చూస్కో," అంటూ అతను వ్యాను ఎక్కి వెళ్ళిపోయాడు.

నిజానికి లీకు మూడో రోజే దొరికింది. సిరంజిలో ఊదారంగు నీళ్ళు పట్టుకుని ఎవరిస్తో మునిగాడు. పూల్ గోడలో అమర్చిన దీపం దగ్గర, దాని స్టీలు చట్రం పక్కన, ఒక్క చుక్క వదిలాడు. చుక్క నీళ్ళలో విచ్చుకోలేదు. దారంలా సాగి చట్రం వెనక్కి దూరిపోయింది. దీపం తీగ వెళ్ళే గొట్టం లోపలెక్కడో పగిలిందన్నమాట. ఈ పనిలో ఉన్నవాడెవడైనా మొట్టమొదట చూసే చోటే అది. లీకు దొరికిన క్షణంలో ప్రతిసారీ అతని ఛాతీలో ఒక చిన్న దీపం వెలిగేది. ఆ రోజు వెలగలేదు. పైకి తేలాక నొయేమీ అడిగింది, "ఏమైనా కనబడిందా?" అని. "లేదు," అన్నాడు. ఆ మాట ఎవరో తన నోరు అరువు తీసుకుని అన్నట్టుగా ఉంది.

ఎందుకన్నాడో తెలుసు. ఫోన్లో నొయేమీ చెప్పిన మాట ఇంకా చెవిలోనే ఉంది. "లీకు దొరికేదాకా ఉండండి. సోఫా ఉంది." నాలుగేళ్ళ తర్వాత విన్న గొంతు అది. ఆ మాటలో అతనికి లీకు వినబడలేదు, సోఫా కూడా వినబడలేదు. 'దాకా' ఒక్కటే వినబడింది.

దూరంగా, ఎడారిలోని ఆహో అనే ఊరి చివర అతనికి ఒక అద్దె ట్రెయిలర్ ఇల్లు ఉంది. అక్కడ వారానికోసారి పెట్రోలు బంకులో అమ్మాయి "ఇంకేమైనా కావాలా?" అని అడుగుతుంది. ఆ ప్రశ్నకు జవాబు చెప్పడం కోసం అతను చాలాసార్లు అక్కర్లేని బ్యాటరీలు కొన్నాడు. సొరుగు నిండా బ్యాటరీలే. లీకు దొరికిందంటే ఆ సొరుగు దగ్గరికి తిరిగి వెళ్ళాలి.

అయితే చిల్లును దాచడం తేలిక కాదు. అన్నీ కట్టేసి పూల్‌ను వదిలేస్తే నీళ్ళు దిగి దిగి ఒకచోట ఆగుతాయి. ఆ మట్టంలోనే చిల్లు ఉంటుంది. ఈ పనిలో అదే మొదటి పాఠం. పది రోజులు వదిలేస్తే నీళ్ళు దీపం దగ్గర ఆగి, కళ్ళున్న ప్రతివాడికీ వేలెత్తి చూపిస్తాయి. అందుకే రోజూ తెల్లవారుజామున వాల్వు తిప్పుతాడు. నీళ్ళను ఆగనివ్వడు.

ఆ మధ్యాహ్నం కర్టెన్లు దించిన వంటింట్లో ఇద్దరూ భోజనానికి కూర్చున్నారు. నొయేమీ ఎండు మాంసం గుడ్డుతో వేయించి, రొట్టెల్లో చుట్టి పెట్టింది.

"రొట్టెలు కొన్నవా?" అన్నాడు.

"కొన్నవే. అమ్మలాగ పిండి పిసికే ఓపిక నాకు లేదు. అయినా మీరేం తింటున్నారో మీకెప్పుడు తెలిసింది కనుక? అమ్మ చేసినా, బంకులోది కొన్నా ఒకేలా మింగేవారు."

"తెలిసేది."

"చెప్పేవారు కాదు."

"చెప్పేవాణ్ణి కాదు," అని ఒప్పుకున్నాడు.

నొయేమీ స్కూల్లో చిన్నపిల్లల దగ్గర ఆయాగా పనిచేస్తుంది. వేసవి సెలవులు కాబట్టి రోజంతా ఇంట్లోనే. పిల్లలు లేరు. ఆమె రొట్టె ముక్క పళ్ళెంలో అటూ ఇటూ జరుపుతూ, అతని వైపు చూడకుండా అంది.

"పోయిన నెల ఒకరోజు సాయంత్రం ఫోనెత్తి హలో అంటే నా గొంతు బొంగురుగా వచ్చింది. జలుబేమో అనుకున్నా. కాదు. పొద్దున్నుంచీ నేను మాట్లాడిన మొదటి మాట అది. వెస్లీ చీకటితో పోతాడు, చీకటితో వస్తాడు. వచ్చాక తింటూ తింటూనే నిద్రపోతాడు. పాపం వాడి తప్పేం లేదు."

ఎవరిస్తో తల ఊపాడు. బొంగురు గొంతు సంగతి అతనికి చాలా బాగా తెలుసు. నాకూ అంతే మిహా, అనాలనుకున్నాడు. లీకు దొరికింది మిహా, అని కూడా అనాలనుకున్నాడు. రెండూ ఒకే వాక్యం లాగా నోట్లో తిరిగాయి. ఒకటి బయటికొస్తే రెండోది ఆగదు. అందుకని రెండూ మింగి, "కారం బాగా కుదిరింది," అన్నాడు.

ఆమె నవ్వి అతని పళ్ళెంలో ఇంకొకటి వేసింది. రేపు చెబుతాను, అనుకున్నాడు. ఆ అబద్ధం మాత్రం ఏ ఇబ్బందీ లేకుండా లోపలికి దిగిపోయింది.

రెండు రోజుల తర్వాత, శనివారం, వెస్లీ మధ్యాహ్నం డ్యూటీకి వెళ్ళాలి. పొద్దున ఎనిమిదింటికి నిచ్చెన భుజాన వేసుకుని పూల్ అంచు వెంబడి నడుస్తున్నాడు. దీపం ఉన్న వైపు సిమెంటు పలక మీద కాలు పెట్టగానే అది పెంకులా పుటుక్కుమని ఒక పక్కకు ఒరిగింది. కాలు పిక్క దాకా లోపలికి దిగింది. నిచ్చెన పూల్‌లో పడింది. అతను అరిచిన అరుపుకు పక్కింటి కుక్క కూడా మొరగడం మానేసింది.

నొయేమీ, ఎవరిస్తో చెరో చంకా పట్టి పైకి లాగారు. కుర్చీలో కూర్చోబెట్టి బూటు విప్పేసరికి చీలమండ అప్పటికే వంకాయలా ఉబ్బింది. నొయేమీ ఐసు తెచ్చింది. వెస్లీ ఐసు వైపు చూడలేదు. పలక ఒరిగిన సందులోకి చూస్తున్నాడు. కింద మట్టి లేదు. గంపంత గొయ్యి. అందులో తడి మెరుస్తోంది. పూల్ గోడ వెనక నుంచి సన్నటి ధార ఒకటి, ఏ తొందరా లేకుండా, కారుతోంది.

"దీపం వెనకాల," అన్నాడు వెస్లీ నెమ్మదిగా. "ఏసీలు చేసుకునే నాకే కనబడుతోంది. నలభై ఏళ్ళు ఈ పని చేసిన మీకు కనబడలేదా?"

ఎవరిస్తో నిలబడే ఉన్నాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"కనబడింది."

"ఎప్పుడు?"

"మూడో రోజు."

వెస్లీ వేళ్ళమీద లెక్కపెట్టబోయి మానేశాడు. "పద్దెనిమిది రోజులు! పద్దెనిమిది రోజులు ఈ గచ్చు కింద మట్టి కొట్టుకుపోతుంటే మీరు ఇక్కడ కూర్చుని కాఫీ తాగారు. నా కాలు కాబట్టి సరిపోయింది. నొయేమీ తల వెళ్ళి ఆ అంచుకి కొట్టుకునుంటే? రెండు వారాలు నేనిక పైకప్పు ఎక్కలేను, తెలుసా? జూన్‌లో! ఏసీ ఆగిపోయిన ఇంట్లో ముసలివాళ్ళుంటారు, మీలాంటి ముసలివాళ్ళు. వాళ్ళు ఫోన్ చేస్తే ఎవడు వెళ్తాడు?"

"తప్పు నాదే. మట్టి ఇంతలా పోతుందని..." ఆగాడు. తెలియదని అనబోయాడు. తెలుసు. ప్రతి రోజూ తెలుసు. "తెలుసు. ఆలోచించకుండా ఉండడం నేర్చుకున్నాను."

"నువ్వేం మాట్లాడవేం?" వెస్లీ భార్య వైపు తిరిగాడు. "మీ నాన్నేగా? ఏదో ఒకటి అను!"

నొయేమీ ఐసు గుడ్డ నలుపుతోంది. నీళ్ళు ఆమె మోచేతుల వెంట కారుతున్నాయి.

"నాకు తెలుసు," అంది.

"ఏం తెలుసు?"

"పదో రోజు తెల్లారగట్ల గొట్టం ఈల వేస్తుంటే మెలకువొచ్చింది. కిటికీలోంచి చూశా. అపా వాల్వు దగ్గర కూర్చునున్నారు. చిన్నప్పుడు నన్ను పన్లోకి తీసుకెళ్ళేవారు. నీళ్ళు ఆగేదాకా ఎవరూ చెయ్యి పెట్టకూడదనేవారు. అలాంటి మనిషి నీళ్ళని ఆగనివ్వట్లేదంటే చిల్లు ఎక్కడుందో ఆయనకి తెలిసే ఉండాలి."

ఎవరిస్తో కూతురి వైపు చూశాడు. పదకొండు ఉదయాలు. ఎంత దిగిందని అడిగిన పదకొండు సార్లూ ఆమెకు జవాబు తెలుసు. తాను ఒంటరిగా మోస్తున్నాననుకున్న మూటకు రెండో కొస ఆమె చేతిలో ఉంది. అది తెలిసి ముందు సిగ్గు వేసింది. ఆ సిగ్గు వెనకే, పేరు పెట్టలేనిదేదో, నొప్పిలాంటిదే గానీ నొప్పి కానిది, వచ్చి నిలబడింది.

"మరి నాకెందుకు చెప్పలేదు?" వెస్లీ గొంతులో అరుపు పోయింది.

"చెబితే నువ్వు బాగుచేయిస్తావు. బాగైతే ఆయన వెళ్ళిపోతారు."

"భలే. ఇంట్లో ఉన్నది ముగ్గురం. ఇద్దరికి తెలుసు. మూడోవాడు రోజూ పొద్దున్నే దొంగ దొరికాడా అని జోకులేస్తున్నాడు. బాగా నవ్వుకున్నారా?"

"మేం ఒకరికొకరం చెప్పుకుంటే కదా నవ్వుకోడానికి," అంది నొయేమీ. అని, ఐసు గుడ్డ అతని కాలి మీద పెట్టి, మోకాలి మీద తల వాల్చి ఏడ్చింది.

వెస్లీ ఆమె జుట్టు మీద చెయ్యి పెట్టలేదు, అలాగని తల తీయమనీ అనలేదు. మామగారి వైపు చూడకుండానే అన్నాడు. "ముందు దాన్ని మూసేయండి. తర్వాత మీ సామాను సర్దుకోండి."

ఎవరిస్తో మెయిన్ స్విచ్ కట్టేసి నీళ్ళలోకి దిగాడు. ఊపిరి పట్టి మునిగి, దీపం చట్రం మీది మర విప్పాడు. పొడవాటి తీగతో సహా దీపాన్ని బయటికి లాగి గచ్చు మీద పెట్టాడు. గోడలో గుండ్రటి ఖాళీ మిగిలింది. నీళ్ళలోనే గట్టిపడే ముద్దను వేళ్ళతో పిసికి, గొట్టం మూతిలో తీగ చుట్టూ కూరాడు. మూడుసార్లు పైకి వచ్చి మూడుసార్లు మునిగాడు. మూడోసారి సిరంజితో రంగు వదిలి చూశాడు. చుక్క కదల్లేదు. ఉన్నచోటే మేఘంలా విచ్చుకుని మెల్లగా చెదిరిపోయింది. మొత్తం పదిహేను నిమిషాల పని.

సోఫా పక్కనున్న సంచి సర్దడానికి అంత కూడా పట్టలేదు. పికప్ ట్రక్కు వెనక గొట్టాలు, పనిముట్ల పెట్టె ఎక్కిస్తుంటే నొయేమీ వచ్చి తలుపుకు ఆనుకుంది. ఎండకు ఇనుము కాలుతున్నా కదల్లేదు.

"నీళ్ళు తీసుకెళ్ళండి. దారిలో బండి ఆగిపోతే..."

"ఉన్నాయి మిహా."

"బాగుచేశాక మూడు రోజులు నీళ్ళు నిలుస్తాయో లేదో చూడాలి కదా? అలా చూడకుండా ఎప్పుడూ వెళ్ళేవారు కాదు." ఆమె కళ్ళు అతని మొహం మీద లేవు. "వెస్లీకి నేను చెబుతాలెండి. మూడు రోజులు."

ఎంత సులువైన మాట. అవును, చూడాలి, అంటే చాలు. మూడు రోజుల తర్వాత ఇంకేదో కారుతుంది, లోకంలో కారనిది ఏముంది? ఆ మాట నాలుక మీదికి వచ్చింది కూడా. దాని రుచి అతనికి తెలుసు. నలభై ఏళ్ళు అతను ఏ ఇంట్లోకైనా పని చేతబట్టుకునే వెళ్ళాడు. పని పేరుతోనే ఇంట్లోంచి బయటికీ పారిపోయాడు. భార్య సొకోర్రో ఆఖరి మూడు నెలలూ ఆక్సిజన్ మిషన్ పక్కన పడుకుంటే అతను పామ్ స్ప్రింగ్స్‌లో హోటల్ పూల్స్‌లో లీకులు వెతుకుతూ ఉండిపోయాడు. ఆమె పోయిన రోజు కూడా.

"అక్కర్లేదు," అన్నాడు. "రంగు పెట్టి చూశాను. పని పూర్తయింది. ఇక్కడ నాకింక పనేం లేదు."

నొయేమీ మొహం మూసుకుపోవడం కనబడింది. అది పూర్తిగా మూసుకునేలోపు అతను తొందరపడ్డాడు. మాటలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి.

"పనేం లేదు, కానీ నాకు ఉండాలనుంది. అదే చెప్పాలి. మీ అమ్మ దగ్గర ఉండాలనుండేది, ఉండలేకపోయాను. ఆ మిషన్ ప్రతి ఊపిరికీ బుసకొట్టేది. అరగజం మట్టి కింద కారే నీటి చప్పుడు వినగలిగినవాణ్ణి, ఆ ఒక్క చప్పుడు వినలేకపోయాను. భయమేసింది మిహా. భయమేస్తోందని చెప్పడానికి సిగ్గేసి, పనుందన్నాను. నువ్వు నాలుగేళ్ళు మాట్లాడకపోతే, పోనీలే, నా లెక్క సరిపోయింది అనుకున్నా. సరిపోలేదు. ఆహోలో చాలా నిశ్శబ్దంగా ఉంటుంది."

నొయేమీ ముక్కు చీదింది.

"భయమేస్తోందని ఆ రోజు ఫోన్ చేసి చెప్పుంటే నేనేమనేదాన్నో తెలుసా? నాకూ భయమేస్తోంది, రండి, ఇద్దరం గదిలో మూలకి కూర్చుని భయపడదాం అనేదాన్ని. మూడు నెలలు ఒక్కదాన్నే భయపడ్డా, అపా."

"తెలుసు."

"తెలీదు. ఇప్పుడు చెబుతున్నా కాబట్టి తెలిసింది." మణికట్టుతో కళ్ళు తుడుచుకుంది. "ఉండాలనుంది అన్న ఒక్క ముక్క అడగడానికి ఇన్ని నీళ్ళు పారబోయాలా? ఈ ఎండల్లో?"

అతను నవ్వబోయాడు. నవ్వు సగంలో మరోలా మారిపోయింది. నొయేమీ అతని చేతిలోంచి సంచి తీసుకుంది గానీ ఇంట్లోకి తీసుకెళ్ళలేదు. నేల మీద పెట్టింది.

"నేను ఉండమంటే సరిపోదు. ఆ కాలు వెస్లీది. వెళ్ళి అతన్నడగండి. నేను రాను."

లోపల వెస్లీ కాలు స్టూలు మీద పెట్టుకుని, బొజ్జ మీద ఫోన్ పెట్టుకుని కూర్చున్నాడు. పొద్దున్నుంచీ ఆరుగురికి రాలేనని చెప్పాడు. ఎవరిస్తో గుమ్మం దగ్గర నిలబడ్డాడు. పూల్ నీళ్ళ వాసన, తడి బట్టలు. టోపీ తీశాడు.

"మూసేశారా?" అన్నాడు వెస్లీ.

"మూసేశాను."

"నిజంగా?"

"నిజంగా." ఒక అడుగు లోపలికి వేశాడు. "పలక కింద మట్టి నింపి మళ్ళీ పోత పోయాలి. అది నేను చేస్తాను, ఉన్నా వెళ్ళినా. దానికోసం ఉంటానని అడగట్లేదు. ఊరికే ఉంటానని అడుగుతున్నాను, బాబూ. మీరిద్దరూ ఉన్న చోట."

వెస్లీ అతన్ని చాలాసేపు చూశాడు. కోపం ఇంకా అక్కడే ఉంది, ఎక్కడికీ పోలేదు. దాన్ని దాచే ప్రయత్నం కూడా చేయలేదు.

"మీ మీద నాకు చాలా రోజులు మండుతూనే ఉంటుంది పెద్దాయనా. ముందే చెబుతున్నా."

"మండనీ."

"నన్ను వెర్రివాణ్ణి చేశారు."

"చేశాను."

"ఇకమీదట ఈ ఇంట్లో ఏది కారినా మొదట నాకు చెప్పాలి. మీరిద్దరూ."

"చెబుతాను."

వెస్లీ బాగున్న కాలితో ఎదురుగా ఉన్న కుర్చీని కొంచెం ముందుకు తోశాడు. "కూర్చోండి. తడి బట్టలైతే అయ్యాయి. కూర్చోండి."

ఎవరిస్తో కూర్చున్నాడు. బయట ట్రక్కు తలుపు మూసుకున్న చప్పుడు, గచ్చు మీద నొయేమీ అడుగులు దగ్గరవుతున్న చప్పుడు వినబడ్డాయి. కాసేపటికి టోపీని కూడా పక్కన పెట్టి, ఖాళీగా ఉన్న రెండు చేతులూ మోకాళ్ళ మీద ఆనించుకున్నాడు.